మబ్బు అడ్డుపడని కన్ను

1943 జనవరి 30 రాత్రి జర్మనీలోని హాంబర్గ్ మీదికి బయలుదేరిన బ్రిటిష్ బాంబర్లలో కొన్నింటి పొట్ట కింద కొత్తగా ఒక బుడిపె కనిపించింది. దాని లోపల యాంటెన్నా గిర్రున తిరుగుతుంటే, నావిగేటర్ ముందున్న తెర మీద కింది నేల రూపు కట్టేది. ఎల్బ్ నది నల్లగా, పొలాలు మసకగా, ఊరు మెరుస్తూ. ఆ పరికరం పేరు హెచ్‌2ఎస్. పై నుంచి రాడార్‌తో నేలను బొమ్మగా చూడటం, ఆ బొమ్మలో మనిషి ఉనికిని వెతకడం అనే పనికి తొలి పెద్ద పరీక్ష ఆ రాత్రే జరిగింది. అది జరిగింది బాంబులు వేయడానికి.

ఊరు ఎందుకు మెరుస్తుంది? దున్నిన చేను తన మీద పడిన రేడియో తరంగాన్ని నాలుగు దిక్కులకూ చెదరగొడుతుంది. నిలకడగా ఉన్న నీరు దాన్ని అవతలికి జారవిడుస్తుంది, విమానానికి ఏమీ తిరిగి రాదు, అందుకే నలుపు. గోడ, నేల కలిసే మూల మాత్రం వచ్చిన తరంగాన్ని వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. ప్రకృతిలో అలాంటి నిటారు మూలలు అరుదు. మూలలు కట్టేది మనిషే. ఆ తర్వాత ఎనభై ఏళ్లలో ఈ విద్య ఎన్ని మెరుగులు దిద్దుకున్నా, దాని మూలసూత్రం ఇదే.

హెచ్‌2ఎస్‌కు ప్రాణం పోసింది మాగ్నెట్రాన్. 1940లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రాండల్, బూట్ అనే ఇద్దరు తయారు చేసిన రాగి దిమ్మ అది. పది సెంటీమీటర్ల తరంగాలను బలంగా పుట్టించగలదు. పరికరాన్ని పరీక్షిస్తూ 1942 జూన్ 7న హాలిఫాక్స్ విమానం కూలిపోయినప్పుడు అందులో ఉన్న పదకొండు మందీ చనిపోయారు. వారిలో ఒకరు అలాన్ బ్లమ్‌లైన్, స్టీరియో ధ్వనికి ఆద్యుడు. పని ఆగలేదు. నడిపించిన బెర్నార్డ్ లోవెల్ యుద్ధం అయ్యాక అదే నైపుణ్యంతో జోడ్రెల్ బ్యాంక్‌లో ఆకాశాన్ని వినే పెద్ద రేడియో టెలిస్కోపు కట్టించాడు.

జర్మన్లు ఊరుకున్నారా? హాంబర్గ్ దాడి జరిగి వారం తిరగకుండానే రాటర్‌డామ్ దగ్గర కూల్చిన ఒక స్టిర్లింగ్ విమానంలో పరికరం వాళ్ల చేతికి చిక్కింది. గుట్టు తెలిసింది. బెర్లిన్ చుట్టుపక్కల సరస్సుల నల్లటి ఆకారాలే బాంబర్లకు దారి చూపుతున్నాయని అర్థమై, నీళ్ల మీద లోహపు రేకులతో చేసిన మూలలు తేలేశారు. నల్లగా ఉండాల్సిన చోట మెరుపు పుట్టింది. రాడార్ బొమ్మ పుట్టిన ఏడాదీ రెండేళ్లకే దాన్ని మోసగించే విద్య కూడా పుట్టిందన్నమాట.

ఆ తొలి బొమ్మలు ఏమంత గొప్పగా ఉండేవి కావు. ఊరు ఎక్కడుందో చెప్పేవి, వీధి ఎక్కడుందో చెప్పలేకపోయేవి. వివరం కావాలంటే యాంటెన్నా పొడవు పెంచాలి. విమానం కింద ఎంత పొడవు వేలాడదీయగలరు? ఈ చిక్కుముడి విప్పినవాడు కార్ల్ వైలీ. 1951లో అరిజోనాలో గుడ్‌ఇయర్ విమాన సంస్థలో పనిచేస్తుండగా అతనికి తట్టిన సంగతి ఇది: విమానం ఎలాగూ ముందుకు పోతోంది. దారి పొడవునా ఒక్కో చోట విన్న ప్రతిధ్వనులను దాచుకుని, విమానం కదలిక వల్ల వాటి పౌనఃపున్యంలో వచ్చే డాప్లర్ తేడాను లెక్కగట్టి కలిపితే, చిన్న యాంటెన్నా కిలోమీటరు పొడవున్న దానిలా పనిచేస్తుంది. దీనికే తర్వాత సింథటిక్ అపెర్చర్ రాడార్ అని పేరొచ్చింది, పొట్టిగా సార్. 1957లో మిషిగన్ విశ్వవిద్యాలయం విల్లో రన్ ప్రయోగశాల తొలి స్పష్టమైన బొమ్మ తీసింది. ఆ లెక్కలు చేసే కంప్యూటర్లు అప్పుడు లేవు. ప్రతిధ్వనులను ఫిల్మ్ మీద చారలుగా రాసి, ఆ ఫిల్మ్ గుండా కాంతిని పంపి, కటకాల చేత లెక్క చేయించారు. ఆ పనిలో ఉన్న ఎమ్మెట్ లీత్ కొన్నేళ్లకు అదే ఊపులో లేజర్ హోలోగ్రామ్ తయారు చేశాడు.

ఈ రాడార్లు కిందికి చూడవు, పక్కకు చూస్తాయి. చీకట్లో టార్చిని నేలకు ఏటవాలుగా పడేస్తే గతుకులన్నీ నీడలతో బయటపడ్డట్టు, పక్కచూపులో గట్లు, గుంటలు, బాటలు తేలతాయి. మబ్బు అడ్డం కాదు, రాత్రి అడ్డం కాదు. మొదట లాభపడింది సైన్యమే. వియత్నాంలో మోహాక్ అనే రెండు ఇంజన్ల విమానాలు ఒక పక్కన పొడవాటి పెట్టెలాంటి యాంటెన్నా మోస్తూ రాత్రిళ్లు తిరిగేవి. గాల్లో ఉండగానే ఫిల్మ్ కడిగి బయటకు వచ్చేది. అందులో ఒక సగం నేల బొమ్మ, పక్క సగంలో కదిలేవి మాత్రమే చుక్కలుగా. లారీల బారును ఆ చుక్కలతో పట్టుకునేవారు. 1991 గల్ఫ్ యుద్ధానికి వచ్చేసరికి, ఇంకా పరీక్షల దశలోనే ఉన్న ఈ-8 అనే రెండు అమెరికా రాడార్ విమానాలు కువైట్ నుంచి ఉత్తరానికి పారిపోతున్న ఇరాకీ వాహనాలను ఒకే తెర మీద వందల చుక్కల వరుసగా చూపించాయి. ఆ వరుస మీద పడిన బాంబులు ఏం చేశాయో ప్రపంచం తర్వాత ఫొటోల్లో చూసింది. చుక్కలో సైనికుడున్నాడా, దొరికిన కారెక్కి పారిపోతున్న మరొకడున్నాడా అన్నది మాత్రం రాడార్ చెప్పలేదు.

సైన్యం గడప దాటి రాడార్ బయటికి వచ్చింది మబ్బుల వల్లే. పనామాలోని డారియెన్ అడవుల మీద మేఘం తొలగేదే కాదు. ఇరవై ఏళ్లు ప్రయత్నించినా అక్కడి విమాన ఫొటోలు పూర్తి కాలేదు. 1967లో పక్కచూపు రాడార్‌తో కొద్ది రోజుల్లో పటం తయారైంది. 1971లో బ్రెజిల్ ప్రభుత్వం రాడామ్ పేరుతో ఒక జెట్ విమానాన్ని అమెజాన్ మీద తిప్పింది. ఎవరికీ సరిగా తెలియని నదులు, కొండలు పటమెక్కాయి. రోడ్లు, గనులు, వలసలు వెనకే వచ్చాయి. అడవిలో మనిషి జాడ వెతకడానికి కాదు, మనిషిని అడవిలోకి పంపడానికి తీసిన బొమ్మలవి. ఇప్పుడు అదే అడవిలో దొంగచాటు నరుకుళ్లను పట్టుకోవడానికి రాడార్ వాడుతున్నారు.

ఇక అసలు కథ మాయా నాగరికతది. గ్వాటెమాలా, బెలీజ్, మెక్సికోల్లో పరుచుకున్న పల్లపు అడవుల్లో వెయ్యేళ్లకు పైగా కిందట తికాల్ లాంటి మహానగరాలు ఉండేవి. అంతమందికి తిండి ఎక్కడిది? చాలాకాలం పండితులు చెప్పిన జవాబు పోడు. అడవి కొట్టి, కాల్చి, రెండేళ్లు పండించి, వదిలేసి మరో చోటికి పోవడం. పోడు కొద్దిమందిని పోషిస్తుంది, నగరాన్ని పోషించదు. 1970ల నాటికి డెనిస్ పల్స్‌టన్ వంటివారు బెలీజ్ నదీతీరాల్లో చిత్తడి నేల మధ్య కాలువలు తవ్వి, ఆ మట్టితో మడులు ఎత్తి సాగు చేసిన గుర్తులు కనిపెట్టారు. ఊరించే ఆధారం. అయితే అది నాలుగు చోట్ల దొరికిన మాట. మిగతా వందల మైళ్ల చిత్తడి సంగతేమిటి? పల్స్‌టన్ జవాబు చూడలేదు. 1978లో చిచెన్ ఇట్సా పిరమిడ్ మీద నిలబడి ఉండగా పిడుగు పడి పోయాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబరేటరీలో వాల్టర్ బ్రౌన్ బృందం దగ్గర ఒక రాడార్ ఉంది. శుక్రగ్రహం మీద ఎప్పుడూ వీడని మేఘాల కింద నేలను చూడాలన్నది దాని అసలు లక్ష్యం. పరీక్షించడానికి భూమి మీద మేఘాలూ అడవీ ఉన్న చోటు కావాలి. టెక్సాస్‌కు చెందిన పురావస్తు శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఆడమ్స్, అరిజోనాకు చెందిన పాట్రిక్ కల్బర్ట్ ఆ చోటు చూపించారు. నాసా వారి కాన్వెయిర్ 990 విమానం మాయా అడవుల మీద తిరిగింది. బొమ్మలు వచ్చాయి. వాటిలో చిత్తడి నేలల మీద సన్నటి గీతల వల. అడ్డంగా, నిలువుగా, వలలాగే.

1981లో ముగ్గురూ కలిసి సైన్స్ పత్రికలో రాశారు. తమ లెక్క ప్రకారం 1,250 నుంచి 2,500 చదరపు కిలోమీటర్ల చిత్తడి నేలను మాయా రైతులు కాలువలతో సాగులోకి తెచ్చారని. పత్రికలు ఎగిరి గంతేశాయి. గ్రహాంతర రాడార్ మాయా తిండి గుట్టు విప్పిందంటే ఏ సంపాదకుడు కాదంటాడు? ఆడమ్స్ బృందం కొన్ని చోట్ల నేల మీదికి వెళ్లి కాలువలు చూసింది కూడా. అందువల్ల మిగతా గీతలూ కాలువలే అయ్యుంటాయని అనుకోవడం తేలికైంది.

తేలికైన పనే కొంప ముంచింది. సార్ బొమ్మ ఫొటోలా నున్నగా ఉండదు, స్వభావం చేతనే మచ్చలు మచ్చలుగా గరుకుగా ఉంటుంది. ఒక్కో మచ్చ నేల మీద పదిహేను, ఇరవై మీటర్లు. మాయా కాలువలు చాలావరకు రెండు మూడు మీటర్ల వెడల్పువే. ఆ మచ్చలను వరుసగా కలిపి గీత గీయడం మనిషి కంటికి అలవాటు. గీత కావాలనుకుని చూసేవాడి కంటికి మరీ అలవాటు. 1989లో కెవిన్ పోప్, బ్రూస్ డాహ్లిన్ ఆ చిత్తడి నేలల నీటి తీరును, రాడార్ సామర్థ్యాన్ని పక్కపక్కన పెట్టి ఈ గీతల్లో ఎక్కువ భాగాన్ని నమ్మలేమని తేల్చి రాశారు. ఎండాకాలంలో బీటలు వారి వానాకాలంలో మునిగే లోతట్టు నేలల్లో చాలాచోట్ల సాగే కుదరదన్నారు. దాంతో వాదం తిరగబడింది. ఆడమ్స్ వెనక్కి తగ్గలేదు, అవతలివాళ్లూ తగ్గలేదు.

ఇక్కడ ఒక పక్క కథ. ఆ బృందం వాడిన తరహా కాన్వెయిర్ విమానాల్లో గెలీలియో 2 అనే దానికి 1985 జులైలో కాలిఫోర్నియాలోని మార్చ్ వైమానిక స్థావరంలో టేకాఫ్ అవుతుండగా టైరు పేలి మంటలు అంటుకున్నాయి. లోపలున్న పందొమ్మిది మందీ బతికి బయటపడ్డారు. విమానం, దాంట్లోని రాడార్ బూడిదయ్యాయి. దాని స్థానంలో కట్టిన ఎయిర్‌సార్ అనే పరికరం డీసీ-8 విమానమెక్కి 1988 నుంచి 2004 దాకా లోకమంతా తిరిగింది. ముందు రాబోయే కంబోడియా అంగ్‌కోర్ కథలో ముఖ్యపాత్ర దానిదే.

మాయా గొడవకు కొసరు కూడా ఉంది. 2018లో గ్వాటెమాలా ఉత్తర అడవుల మీద లైడార్, అంటే లేజర్ కిరణాలతో కొలిచే పరికరం, 2,144 చదరపు కిలోమీటర్లలో 61,480 పాత కట్టడాలను చూపించింది. కొన్ని చిత్తడి నేలల్లో నిజంగానే కాలువల అల్లిక బయటపడింది. అంటే ఆడమ్స్ ఊహ మొత్తం తప్పు కాదు, అతను చూపించిన సాక్ష్యమే బలహీనం. తప్పుడు లెక్కతో సరైన జవాబుకు దగ్గరగా రావడం బడి పిల్లలకే కాదు, పండితులకూ జరుగుతుంది.

కంబోడియాలో పని మరో పద్ధతిలో సాగింది. అంగ్‌కోర్ వాట్ గుడి అందరికీ తెలుసు, దాని చుట్టూ ఉన్న ఊరు ఎంత పెద్దదో తెలియదు. ఫ్రెంచి పండితుడు గ్రోస్లియే 1979లో అంగ్‌కోర్‌ను నీటి మీద నిలబడ్డ నగరమన్నాడు. ఎనిమిది కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్ల పైచిలుకు వెడల్పు ఉన్న పడమటి బారాయ్ లాంటి జలాశయాలు అలంకారానికి కట్టినవి కావని అతని వాదన. నిరూపించాలంటే పల్లె పల్లె తిరగాలి. తిరగడానికి వీల్లేదు. ఖ్మేర్ రూజ్ కాలం, ఆ తర్వాతి యుద్ధం నేలంతా మందుపాతరలు చల్లి వెళ్లాయి.

1994లో ఎండీవర్ వ్యోమనౌక మీది రాడార్ అంగ్‌కోర్ బొమ్మ తీసింది. 1996లో ఎయిర్‌సార్ అక్కడి ఆకాశంలోకి వెళ్లింది. లండన్‌కు చెందిన ఎలిజబెత్ మూర్, జెట్ ప్రొపల్షన్ లాబరేటరీకి చెందిన టోనీ ఫ్రీమన్ ఆ బొమ్మల్లో కొత్త గుళ్ల ఆనవాళ్లు, అంగ్‌కోర్ వాట్ కంటే పాతకాలపు జాడలు ఉన్నాయన్నారు. 2000 సెప్టెంబరులో విమానం మళ్లీ వచ్చింది, ఈసారి సిడ్నీ విశ్వవిద్యాలయం వారి బృందం కోసం. అప్పుడు వానాకాలం. వరి నాటిన మడులు, నీటి గుంటలు, ఎత్తు దిబ్బలు తడి తేడాతో విడివిడిగా పలికాయి.

ఆ బొమ్మలో ఒక పల్లె గుడి ఎలా ఉంటుందో చూడాలి. మొదట వరిచేలలో చుట్టూ కంటే కాస్త గరుకైన మచ్చ. దాని చుట్టూ నల్లటి గుర్రపు నాడా ఆకారం, తెరిచిన వైపు తూర్పుకు. కాస్త దూరంలో చతురస్రపు నలుపు, ఇంకో మచ్చ. నేల మీదికి వెళితే ఆ గరుకు మచ్చ చెట్లు మొలిచిన దిబ్బ, దాని మీద చెల్లాచెదురైన ఇటుక ముక్కలు, ఎర్రటి లాటరైట్ రాయి. నాడా ఆకారం ఒకప్పటి కందకం, ఇప్పుడు నాట్లు వేస్తున్నారు. చతురస్రం ఊరి కోనేరు, ఖ్మేర్ భాషలో త్రపేంగ్. పక్క మచ్చ ఇళ్లు కట్టుకున్న మెట్ట. గుడి, గుంట, ఊరిదిబ్బ. కాకతీయుల చెరువుల కింద పెరిగిన పల్లెలు ఎరిగిన తెలుగువారికి ఈ అమరిక మరీ కొత్తగా తోచకపోవచ్చు.

డేమియన్ ఇవాన్స్, క్రిస్టోఫ్ పాట్టియే, రోలాండ్ ఫ్లెచర్ మరికొందరు కలిసి 2007లో అచ్చేసిన పటంలో ఇలాంటి త్రపేంగ్‌లు వెయ్యికి పైగా కొత్తవి, గుళ్లు కనీసం డెబ్బై నాలుగు. అంతా కలిపితే అంగ్‌కోర్ దాదాపు వెయ్యి చదరపు కిలోమీటర్లు. పరిశ్రమలు రాక ముందటి ప్రపంచంలో అంత విస్తారమైన ఊరు మరోటి లేదని వారి మాట. మాయా కథకు దీనికీ ఉన్న తేడా రాడార్‌లో లేదు. పాట్టియే అప్పటికే ఏళ్ల తరబడి దక్షిణ భాగాన్ని విమాన ఫొటోలతో, నడకతో మడి మడికీ గుర్తించి ఉన్నాడు. రాడార్ బొమ్మ ఏం చెబుతోందో చూసుకోవడానికి తెలిసిన నేల చేతిలో ఉంది. అనుమానం వచ్చిన చోటికి మనుషులు వెళ్లి చూశారు, అందులో కొన్ని ఏమీ లేనివని కొట్టేశారు.

మన దేశంలో ఈ విద్యకు ఒక ఠికాణా హైదరాబాద్. 1974లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీగా మొదలై, ఇప్పుడు బాలానగర్‌లో ఎన్ఆర్ఎస్‌సీగా ఉన్న సంస్థ తన చిన్న విమానాలను తనే నడుపుతుంది. అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రం తయారు చేసిన విపత్తు నిర్వహణ రాడార్‌ను ఈ విమానాలకు కట్టి వరదల మీద తిప్పారు. వరద రోజున ఫొటో ఉపగ్రహానికి మబ్బే కనిపిస్తుంది. రాడార్‌కు మాత్రం మునిగిన మడి నల్లగా, మునగని గట్టు వెలుగుగా తెలుస్తుంది. ఇక్కడ మనిషి జాడ వెతకడమంటే ఏ ఊరు నీళ్ల మధ్య చిక్కిందో చెప్పడం. ఇస్రో వారి ఎల్, ఎస్ అనే రెండు తరంగ శ్రేణుల్లో పనిచేసే విమాన రాడార్ 2019 డిసెంబరులో నాసా విమానమెక్కి అమెరికా మీద కూడా తిరిగింది. నాసా, ఇస్రో కలిసి తయారు చేసిన నైసార్ ఉపగ్రహానికి అది రిహార్సల్. అసలు ఉపగ్రహం 2025 జులై 30న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ మీద ఎగిరింది. పన్నెండు మీటర్ల గొడుగులాంటి యాంటెన్నాతో పన్నెండు రోజులకోసారి అదే నేలను మళ్లీ చూస్తుంది. దాని పుణ్యమా అని విమానాల పని పోతుందనుకోవచ్చు, పోలేదు. కావలసిన రోజున, కావలసిన కోణంలో, కావలసిన చోట చూడాలంటే ఇప్పటికీ విమానమే.

2024 ఏప్రిల్‌లో గ్రీన్‌ల్యాండ్ మంచు మీద జరిగిన సంగతి చూడండి. నాసా గల్ఫ్‌స్ట్రీమ్ విమానం యూఏవీసార్ అనే రాడార్ మోస్తూ వెళుతోంది. మంచు అడుగున ఉన్న రాతిని ఆ పరికరం ఎంతవరకు పట్టగలదో చూద్దామన్నది పని. బొమ్మలో అనుకోనిది ఒకటి తేలింది: మంచు కింద వరుసలు కట్టిన నిర్మాణాలు. అది క్యాంప్ సెంచురీ. 1959లో అమెరికా సైన్యం మంచులో సొరంగాలు తవ్వి, చిన్న అణు రియాక్టర్‌తో కరెంటు ఇచ్చి నడిపిన స్థావరం. పైకి పరిశోధన, లోపల మంచు కింద క్షిపణులు దాచే ఐస్‌వర్మ్ అనే రహస్య పథకం. మంచు కదిలి సొరంగాలు నలగడంతో 1967లో వదిలేశారు. అప్పటినుంచి పడ్డ మంచు దాన్ని ముప్పై మీటర్ల లోతుకు తొక్కేసింది. ఇంతకుముందు మంచులోకి చూసిన రాడార్లు నిటారుగా కిందికే చూసి ఒక కోత మాత్రం చూపేవి. యూఏవీసార్ కిందికీ పక్కకూ చూసింది కాబట్టి ఒక్కో గది విడిగా, పాత నక్షాతో పోల్చుకునేంతగా కనిపించింది.

ఆ గదుల్లో సైన్యం వదిలి వెళ్లినవి ఉన్నాయి. సుమారు రెండు లక్షల లీటర్ల డీజిల్, అంతకు మించిన మురుగు, కొంత రేడియోధార్మిక వ్యర్థం అని 2016లో ఒక శాస్త్ర బృందం అంచనా కట్టింది. మంచు కరిగితే అవి ఎప్పుడు బయటపడతాయన్నది దాని లోతు మీద ఆధారపడుతుంది. అందుకే డెన్మార్క్ భూవిజ్ఞాన సంస్థ 2017 నుంచి అక్కడ వాతావరణ కేంద్రం పెట్టి కనిపెట్టుకుని ఉంది. వాళ్ల మనుషులు రాడార్‌ను మంచు మీద లాక్కుంటూ తిరిగి, చెత్త ఎక్కడి దాకా పరుచుకుందో కొలిచి వచ్చారు, ఆ విమానం పై నుంచి చూడటానికి ఏడేళ్ల ముందే.